హోయా తీగ పూయకపోవడానికి ఎరువు కారణం కాదు

కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు, తూర్పు ముఖంగా బాల్కనీ, అందులో మూడేళ్ళ కిందట నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్న హోయా తీగ. ఏపుగా పెరిగింది గాని ఇంతవరకు ఒక్క పువ్వూ రాలేదు. చిన్న కుండీ చాలడం లేదనిపించి ఏడాది కిందట పది అంగుళాల కుండీలోకి మార్చారు. మంచినీటి ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని వృథా చేయకుండా రోజూ దానికే పోస్తున్నారు. ఆకుల్లేకుండా బారుగా సాగుతున్న బోడి తీగలను ఎప్పటికప్పుడు కత్తిరిస్తున్నారు. ఈ వానాకాలంలో కింది ఆకులు పసుపుబారి రాలడం మొదలయింది. పూల కోసం ఏ ఎరువు వేయాలన్నది మీ ప్రశ్న. దానితో పాటు, ఫిబ్రవరిలో కొన్న హృదయాకారపు ఒంటి ఆకు ఇప్పటికీ ఒంటి ఆకుగానే ఎందుకు ఉండిపోయిందని కూడా అడిగారు.

సికింద్రాబాదులోని మా ఇంట్లో ఈ తీగను ఇరవై ఏళ్ళకు పైగా పెంచుతున్నాను. మొదటి అయిదేళ్ళలో మీరు చేసినవన్నీ నేనూ చేశాను. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: మీ తీగకు ఎరువు తక్కువై పూలు రాకపోవడం లేదు. కత్తెర, నీళ్ళు, పెద్ద కుండీ, ఈ మూడూ కలిసి దాన్ని పూయనివ్వడం లేదు.

మన ఇళ్ళలో పూలతీగ అనగానే చేతులు మల్లెపొద అలవాటు మీద పనిచేస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మల్లెకు నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తరువాత ఎరువు వేసి మళ్ళీ నీరు పెడితే, మార్చి నాటికి కొత్త చిగుళ్ళ చివర మొగ్గ తొడుగుతుంది. మల్లె కొత్త కొమ్మ మీద పూసే మొక్క గనుక కత్తెర దానికి మేలు చేస్తుంది. హోయా పద్ధతి పూర్తిగా వేరు. అది పూలగుత్తి కోసం ఆకు మొదలు దగ్గర ఒక పొట్టి కాడను తయారుచేసుకుంటుంది, ఆ కాడను ఏళ్ళ తరబడి దాచుకుంటుంది, ప్రతి కారులోనూ మళ్ళీ అదే కాడ కొన నుంచి మొగ్గలు వేస్తుంది. పూలు రాలాక ఎండుపుల్లలా మిగిలే ఆ కాడను చూసి, మల్లెకు చేసినట్టే శుభ్రం చేద్దామని తుంచేస్తే, వచ్చే ఏటి పూలనూ ఆ పై ఏటి పూలనూ కలిపి తుంచేసినట్టే. మా అమ్మ ఒకసారి అలాగే, నేను ఊళ్ళో లేనప్పుడు, ఎంతో శ్రద్ధగా పదకొండు కాడలు తుంచి కుండీ చుట్టూ ఊడ్చి పెట్టింది. తరువాత రెండేళ్ళు ఆ తీగకు పూలు లేవు.

పాత కాడను దగ్గరగా పట్టుకుని చూడండి. ఇప్పుడు మీ తీగకు లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అప్పుడు గుర్తుపట్టాలి. అగ్గిపుల్లంత మందాన, ఒకటి రెండు అంగుళాల పొడవున ఉంటుంది. కొన భాగం మాత్రం నునుపుగా ఉండదు. చిన్న చిన్న పొక్కుల్లాంటి మచ్చలు దగ్గర దగ్గరగా పేర్చినట్టు కనిపిస్తాయి. ఒక్కొక్క మచ్చా రాలిపోయిన ఒక పువ్వు తొడిమ చోటు. కాడకు వయసు వచ్చేకొద్దీ ఆ మచ్చల భాగం పొడవు పెరుగుతుంది. మా ఇంట్లో అన్నిటికన్నా పాత కాడ మీద అది దాదాపు అర అంగుళం ఉంది. చెయ్యి తగిలి విరిగిపోయేటంత బలహీనంగా కనిపించే ఆ పుల్లే తీగ మొత్తంలో విలువైన భాగం.

ఇక మీరు కత్తిరిస్తున్న బోడి తీగల సంగతి. హోయా ముందు కాండాన్ని బారెడు సాగదీసి, పట్టుకోవడానికి ఏదైనా దొరికాక తీరిగ్గా ఆకులు వేస్తుంది. ఆ కొన గాలిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఆధారం కోసం వెతుకుతుంది. ఉదయం కిటికీ వైపు ఉన్న కొన సాయంత్రానికి గోడ వైపు తిరిగి ఉండడం మీరు కూడా గమనించే ఉంటారు. మీ కంటికి అది జబ్బుపడిన కొమ్మ; నిజానికి అదే రేపటి ఆకులకూ పూకాడలకూ చోటు. దాన్ని కత్తిరించిన ప్రతిసారీ తీగ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. మూడేళ్ళుగా జరుగుతున్నది ఇదే. ఇకపై వాటిని కత్తిరించకుండా, మందపాటి జీఐ తీగను (జింకు పూత ఉన్న ఇనుప తీగను) గుండ్రంగా వంచి కుండీలో గుచ్చి, దానికి వదులుగా చుట్టండి. లేత కొన పెళుసుగా ఉంటుంది గనుక అది తిరిగే దిశలోనే చుట్టాలి, బలవంతంగా వెనక్కి తిప్పకూడదు. బాల్కనీ గ్రిల్లుకు అల్లించడం చూడటానికి బాగుంటుంది గాని, ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇనుప కమ్మీ కాలి లేత కాండాన్ని మాడుస్తుంది. పైగా తీగను ఎప్పుడైనా లోపలికి తేవలసి వస్తే గ్రిల్లు నుంచి విడదీయడం అసాధ్యమవుతుంది.

వెలుతురు గురించి మీరు ఒక్క మాటే రాశారు, తూర్పు బాల్కనీ అని. అది మంచి దిక్కే. కాని మన అపార్ట్‌మెంట్లలో దిక్కు కన్నా ఎదుటి భవనం ముఖ్యం. ఎదురుగా అయిదంతస్తుల గోడ ఉంటే తూర్పు అన్న పేరే గాని ఎండ రాదు. ఉదయం తొమ్మిది గంటలకు తీగ మీద మీ అరచేతిని జానెడు ఎత్తులో పెట్టి చూడండి. వేళ్ళ నీడ అంచులు స్పష్టంగా కనబడితే పూలకు సరిపడే వెలుతురు ఉన్నట్టు. నీడ మసకగా పరుచుకుంటే ఆకులు వస్తాయి, పూలు రావు. రోజూ ఉదయపుటెండ రెండు గంటల పాటు నేరుగా తగలడం హోయాకు ఎంతో మేలు. మధ్యాహ్నం తరువాతి ఎండ మాత్రం, అందులోనూ పాదరసం 40 డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే ఎండ, ఆకును పసుపురంగులోకి తిప్పి, తరువాత గోధుమరంగు మచ్చగా కాలుస్తుంది. పడమటి బాల్కనీ వారికి ఆ రెండు నెలలూ ఆకుపచ్చ షేడ్‌నెట్ తప్పదు. హాల్లో టీవీ పక్కన అలంకారంగా పెట్టిన హోయా బతుకుతుంది, ఏళ్ళ తరబడి పచ్చగానే ఉంటుంది. దాని నుంచి పూలు ఆశించకూడదు.

నీళ్ళ విషయంలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ తీగకు ఇప్పుడున్న అసలు ప్రమాదం అక్కడే ఉంది. దక్షిణ చైనా, తైవాన్ ప్రాంతాల అడవుల్లో హోయా కార్నోసా అనే రకం చెట్ల కొమ్మల మీద, రాళ్ళ మీద అల్లుకుని పెరుగుతుంది. బదనిక మాదిరిగా చెట్టు రసం పీల్చే పరాన్నజీవి కాదు. బెరడు మీద చోటు మాత్రమే తీసుకుంటుంది. దాని వేళ్ళకు వాన పడ్డప్పుడు తడి, ఆ వెంటనే గాలి, ఆ తరువాత చాలాసేపు పొడి అలవాటు. నీరు దొరకని రోజుల కోసం దాన్ని దళసరి ఆకులో నిలవ చేసుకుంటుంది. కార్నోసా అనే లాటిన్ మాటకు కండగలది అని అర్థం, ఆ పేరు వచ్చింది ఈ ఆకును బట్టే. కలబంద, నాగజెముడు లాగే ఇది కూడా ఆకు రంధ్రాలను ముఖ్యంగా రాత్రి చల్లదనంలో తెరిచి గాలి పీల్చుకుంటుంది, పగటి ఎండలో మూసుకుని నీటిని కాపాడుకుంటుంది. ఇంత పొదుపుగా బతికే మొక్కకు రోజూ నీరు పోస్తే వేళ్ళకు ఊపిరాడదు; మీ తీగ కింది ఆకులు పసుపుబారి రాలడం అందుకే కావచ్చు.

కాబట్టి వారానికి ఇన్నిసార్లు అనే లెక్క పెట్టుకోకండి, ఆకునే అడగండి. కిందివైపున్న ఒక ముదురు ఆకును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా మడవబోండి. పచ్చి మామిడి చెక్కలా బిరుసుగా ఎదురుతిరిగితే నీరు అక్కరలేదు. తమలపాకులా లొంగి వంగితే ఆ రోజు నీరు పోయండి, అదీ కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా. కింద పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. మా ఇంట్లో ఎండాకాలంలో నాలుగైదు రోజులకు ఒకసారి, వానాకాలంలో పది పన్నెండు రోజులకు ఒకసారి, డిసెంబరు, జనవరిలో దాదాపు పదిహేను రోజులకు ఒకసారి ఆ అవసరం పడుతుంది. మీ ఇంట్లో గాలి, కుండీ వేరు గనుక ఈ అంకెలను ఉజ్జాయింపుగానే తీసుకోండి. ఒక హెచ్చరిక: మట్టి తడిగా ఉండగానే ఆకు మెత్తబడి ముడతలు పడితే అది దాహం కాదు. వేళ్ళు కుళ్ళి నీరు పైకి ఎక్కడం లేదని అర్థం. ఆ సమయంలో ఇంకా నీరు పోయడమే చాలా తీగల చావుకు కారణం.

ఆర్వో యంత్రం వదిలే నీటిని దయచేసి ఈ కుండీకి పోయకండి. మంచినీటి నుంచి వేరుచేసిన లవణాలన్నీ అందులోనే పోగవుతాయి. మన బోరునీటికే ఉప్పు ఎక్కువ, ఇది దానికన్నా చిక్కనిది. ఇల్లు కడగడానికి, బాత్రూముకు వాడుకోండి. మీ కుండీ అంచున తెల్లటి పొర పేరుకుందో లేదో చూడండి, ఉంటే అది ఈ ఉప్పే. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి, ఎండాకాలంలో శుభ్రమైన బకెట్టులో పట్టి పోస్తే హోయాకు బాగా సరిపోతుంది. వాననీరు అన్నిటికన్నా మంచిది.

కుండీ మార్చడం మీరు ప్రేమతో చేసిన పని, కాని పది అంగుళాల కుండీలో ఆ కొద్దిపాటి వేళ్ళు తాగలేనంత నీరు నిలిచి ఉంటుంది. ఇరుకు కుండీలో వేళ్ళు గోడలకు ఆనుకుని నిండినప్పుడే హోయా బాగా పూస్తుంది. మా ఇంట్లో బాగా పూసే తీగ తొమ్మిదేళ్ళుగా అయిదు అంగుళాల మట్టి కుండీలోనే ఉంది. ఒకసారి నేనూ మీలాగే జాలిపడి ఒక తీగను పెద్ద ప్లాస్టిక్ కుండీలోకి మార్చి, నర్సరీలో దొరికిన ఎర్రమట్టి మిశ్రమం నింపాను. ఆ జులైలో వారం రోజుల ముసురు పట్టింది, ముసురు వెలిసే సరికి కాండం మొదలు వేలితో నొక్కితే జారిపోయేటంత మెత్తబడింది. పైనున్న కొమ్మలను కోసి మళ్ళీ వేళ్ళు పుట్టించుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

మీ తీగను ఈ వారంలోనే బయటికి తీసి చూడండి. కుండీని పక్కకు వంచి, మట్టి ముద్దను విప్పి, వేళ్ళను మామూలు నీటితో కడగండి. గట్టిగా, లేత గోధుమరంగులో ఉన్నవి మంచి వేళ్ళు. నల్లబడి, లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మాత్రమే చేతికి వచ్చేవి కుళ్ళినవి. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేయండి. మీ కత్తెరకు ఈ తీగ మీద నేను ఇస్తున్న అనుమతి ఇదొక్కటే. కోసిన చోట పాలు కారతాయి, అవి కొందరి చర్మానికి దురద పుట్టిస్తాయి గనుక చేతులు కడుక్కోండి. ఒక పూట నీడలో ఆరనిచ్చి, మిగిలిన వేరుముద్ద కన్నా రెండు చేతివేళ్ళ వెడల్పు మాత్రమే పెద్దదైన మట్టి కుండీలో నాటండి. నేను వాడే మిశ్రమంలో కొబ్బరిపొట్టు ఒక వంతు, శనగగింజంత ఇటుక ముక్కలు లేదా పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు, కట్టెబొగ్గు ముక్కలు అర వంతు, వర్మికంపోస్టు పావు వంతు ఉంటాయి. దుకాణంలో ఇటుకలా గట్టిగా అమ్మే కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి నానబెట్టి, రెండు మూడు సార్లు పిండి కడిగాకే వాడాలి. నాటిన తరువాత నాలుగైదు రోజులు నీరు పోయకండి.

ఈ పనిలో కొమ్మలేవైనా విరిగితే పారేయవద్దు. వాటి నుంచి రెండు కణుపులున్న ముక్కను కోసి, పాలు ఆరాక, కింది కణుపు తడి కొబ్బరిపొట్టులో ఉండేలా గుచ్చితే నెల రోజుల్లో వేళ్ళు వస్తాయి. వానాకాలం దీనికి అనువైన సమయం. అలా పుట్టిన మొక్క పూయడానికి సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది. ఆకు అంచున తెలుపో గులాబీ రంగో ఉన్న రకాలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే ఆకులో పచ్చదనం తగ్గినకొద్దీ ఆహారం తయారీ తగ్గుతుంది.

ఇక మీరు అడిగిన ఎరువు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి, లీటరు నీటికి ఒక గ్రాము 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండేది) చాలు. తీగ కోలుకునే దాకా అదీ వద్దు. పూలు విరగబూయిస్తామని సీసాల్లో అమ్మే మందులకు డబ్బు పెట్టవలసిన అవసరం లేదు.

పూలు వచ్చాక చేయవలసినదాని కన్నా చేయకూడనివి ఎక్కువ. కాడ కొన మీద ఆవగింజలంత మొగ్గలు కనబడ్డ రోజు నుంచి కుండీని కదపకండి, వెలుతురు వైపు తిప్పకండి, బాగా ఎండనివ్వకండి. అలిగినట్టు మొగ్గలన్నీ ఒక్కసారిగా రాల్చేస్తుంది. మన మార్చి, ఏప్రిల్ వడగాలి కూడా మొగ్గలను రాల్చగలదు, అందుకే ఆ రోజుల్లో చుట్టుపక్కల నాలుగు కుండీలు దగ్గర చేర్చి, కింద గులకరాళ్ళ పళ్ళెంలో నీరు ఉంచుతాను. విచ్చుకున్న గుత్తిలో ఇరవై ముప్ఫై పూలు బంతిలా గుమిగూడి ఉంటాయి. ఒక్కొక్కటీ అయిదు రేకల నక్షత్రం, పైన సన్నటి నూగు, మధ్యలో మైనంతో పోతపోసినట్టు మెరిసే ఇంకో చిన్న నక్షత్రం, దాని నడుమ ఎరుపు. వాసన పగలు అంతగా తెలియదు, పొద్దుపోయాక గదంతా నిండుతుంది. పడకగదిలో కొందరికి తలనొప్పి కూడా తెప్పిస్తుంది, కాబట్టి బాల్కనీలోనే ఉండనివ్వండి. తేనె ఎంత ఎక్కువ ఊరుతుందంటే అర్ధరాత్రికి పూల నుంచి బొట్లుగా కింద పడుతుంది. మొదటిసారి పూసినప్పుడు నేల జిగురుగా ఉండడం చూసి, పానకం ఎవరు ఒలకబోశారని మా అమ్మ అందరినీ అడిగింది.

ఈ పువ్వు ఆకృతి ఎక్కడో చూసినట్టు అనిపిస్తే అది మీ పొరపాటు కాదు. హోయా మన జిల్లేడు కుటుంబానికే చెందినది. జిల్లేడులో లాగే దీని పుప్పొడి పొడిగా రాలదు, చిన్న మైనపు పొట్లాల్లా ఉండి పురుగుల కాళ్ళకు తగులుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఈ జాతికి 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఇంగ్లండులోని సయాన్ హౌస్ తోటమాలి థామస్ హోయ్ పేరు పెట్టాడు. ఒక తోటమాలి పేరు మొత్తం జాతికి దక్కడం నాకెప్పుడూ సంతోషంగానే అనిపిస్తుంది. బంధుత్వంతో పాటు తెగుళ్ళు కూడా కలుస్తాయి. జిల్లేడు మొవ్వల మీద, గన్నేరు చిగుళ్ళ మీద గుంపుగా కనిపించే పసుపురంగు పేనుబంకే హోయా మొగ్గల మీదికీ వస్తుంది. పంపు నీటి ధారతో కడిగేస్తే చాలావరకు పోతుంది. పిండినల్లి దీనికన్నా మొండిది. ఆకు తొడిమ మూలల్లో, పూకాడ మొదట్లో దూది ముక్కల్లా దాక్కుంటుంది, సాధారణంగా పక్కనున్న మందార నుంచి ఎక్కుతుంది. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడవండి. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి, సాయంత్రం వేళ, వారానికోసారి చొప్పున మూడు వారాలు పిచికారీ చేయండి. ఎండలో చేస్తే ఆకు మాడుతుంది.

చివరగా మీ ఒంటి ఆకు. అది హోయా కెర్రీ అనే రకం. ఫిబ్రవరిలో ప్రేమికుల దినోత్సవం కోసం చిన్న కుండీల్లో ఒక్కొక్క ఆకు గుచ్చి అమ్ముతారు. ఆకుకు వేళ్ళు వస్తాయి గాని, కాండంలోని కణుపు ముక్క దానితో పాటు లేకపోతే కొత్త కొమ్మ పుట్టదు, ఎందుకంటే తీగ పుట్టేది కణుపు దగ్గరున్న మొగ్గ నుంచే. తొడిమ మొదట్లో మట్టిని వేలితో కొంచెం తొలగించి చూడండి. అక్కడ పెన్సిలంత మందాన కాండం ముక్క కనిపిస్తే ఒకటి రెండేళ్ళలో చిగురు రావచ్చు. ఉత్త తొడిమే ఉంటే మూడేళ్ళయినా, అయిదేళ్ళయినా అది ఒంటి ఆకుగానే ఉంటుంది. కిటికీలో అందంగానే ఉంటుంది కాబట్టి ఉంచుకోండి, నెలకు రెండుసార్ల కన్నా ఎక్కువ నీరు మాత్రం పోయకండి.